నిచ్చెన ఉన్న చోట నీళ్లు లేవు

న్యూయార్క్ నగరంలో క్వీన్స్ వైపున లాంగ్ ఐలాండ్ సిటీ అనే పేట ఉంది. అక్కడ 29వ వీధిలో ఒక అగ్నిమాపక కేంద్రం, అందులో 116వ నంబరు ల్యాడర్ కంపెనీ. 2003 మే నెల దాకా అదే కప్పు కింద 261వ నంబరు ఇంజన్ కంపెనీ కూడా ఉండేది. నగర పాలకులు ఖర్చు తగ్గించుకునేందుకు ఇంజన్‌ను తీసేసి నిచ్చెనను ఉంచారు. ఆ పేటకు అద్దెకు వచ్చిన కొత్తలో ఈ సంగతి ఎవరో చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. రెండు ఎర్రబండ్లలో ఒకటి పోతే ఒకటి మిగిలింది కదా అనుకున్నాను. ఆ రెండూ ఒకటి కావని తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు తప్పు నాదే.

మూకుట్లో నూనె పోసి పొయ్యి మీద పెట్టి, ఊరి నుంచి ఫోను వస్తే మాటల్లో పడ్డాను. నూనె అంటుకుంది. ఎప్పుడో చదివినది సమయానికి గుర్తొచ్చి నీళ్లు పోయకుండా మూత పెట్టాను. మంట ఆరిపోయింది గానీ, అప్పటికే పొగకు అలారం మోగి మేడంతా మేలుకుంది. నిమిషాల్లో మెట్ల మీద బూట్ల చప్పుడు. అధికారితో కలిపి ఆరుగురు వచ్చారు: గొడ్డళ్లు, తలుపులు పెకలించే ఇనుప కడ్డీలు, కొక్కేల కర్రలు, ఒకతని చేతిలో పది లీటర్లు కూడా పట్టని నీళ్ల డబ్బా. కిటికీలు తెరిచి, గోడలకు చెయ్యి ఆనించి వేడి చూసి, ఇల్లంతా కలియదిరిగారు. సిగ్గుతో ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ నీళ్ల బండి ఏదండీ?" అని అడిగాను. "మాది నిచ్చెన బండి. నీళ్లు వేరే స్టేషన్ నుంచి వస్తాయి" అన్నాడు వారిలో పెద్దాయన, అది రోజూ చెప్పే మాటే అన్నట్టు.

కంపెనీ అనగానే మన చెవికి వ్యాపారమో, చరిత్ర చదివినవాళ్లకైతే కుంపినీ దొరతనమో వినిపిస్తుంది గానీ, ఇక్కడ దానికి సైన్యంలో ఉన్న అర్థమే: ఒక అధికారి, అతని కింద కొందరు మనుషులు, వాళ్లకొక బండి. ఇంజన్ కంపెనీ దగ్గర పంపు, గొట్టాలు, 500 గ్యాలన్ల నీళ్ల తొట్టి ఉంటాయి. వీధిలోని హైడ్రెంట్‌కు, అంటే మంటలార్పే నీళ్ల కుళాయికి, గొట్టం తగిలించి మంట మీద నీళ్లు కొట్టడం వీరి పని. ల్యాడర్ కంపెనీ పని తలుపులు బద్దలు కొట్టడం, లోపల చిక్కుకున్నవారిని వెతకడం, పొగ పోవడానికి దారి చేయడం, పై అంతస్తులకు నిచ్చెన వేయడం. న్యూయార్క్ నిచ్చెన బండి మీద పంపూ ఉండదు, గొట్టమూ ఉండదు. అంటే నీళ్ల భరోసా లేకుండా పొగలోకి వెళ్లి మనుషులను వెతికేవాళ్లు వీళ్లు. వెనక నుంచి ఇంజన్ వస్తుందన్న నమ్మకమే వాళ్ల కవచం. ఒకే కప్పు కింద రెండూ ఉన్నప్పుడు ఆ నమ్మకానికి లోటుండదు, రెండూ ఒక్కసారే గేటు దాటుతాయి.

2003లో మూతపడినది ఈ ఒక్కటే కాదు. మేయర్ బ్లూమ్‌బర్గ్ ప్రభుత్వం ఆ మే నెలలో ఆరు ఇంజన్ కంపెనీలను రద్దు చేసింది: హార్లెంలో 36, బ్రూక్లిన్‌లో 204, 209, 212, 278, క్వీన్స్‌లో 261. ప్రపంచ వాణిజ్య కేంద్రం మీద దాడిలో అగ్నిమాపక శాఖవారు 343 మంది చనిపోయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆరింటి మీద ఏటా మిగిలేది సుమారు 80 లక్షల డాలర్లని చెప్పారు. నగర బడ్జెట్ అప్పటికే 4,000 కోట్ల డాలర్లు దాటింది. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు, వేరే స్టేషన్లకు సర్దారు. కాగితం మీద చూస్తే ఇంత తక్కువ నొప్పితో ఇంత ఆదా మరెక్కడా దొరకదనిపిస్తుంది. నా వాదమంతా ఆ కాగితంతోనే, ఎందుకంటే ఆ కాగితం రాసే విద్య నేనూ కొంత చదువుకున్నాను.

విశాఖలో ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్న మనుషులనూ సామానునూ లెక్కలతో సర్దే విద్య, చదువుకునే రోజుల్లో మా మాస్టారు క్యూల సిద్ధాంతాన్ని రైల్వే టికెట్ కౌంటర్‌తో మొదలుపెట్టేవారు. "కౌంటర్లో గుమాస్తా రోజులో ఎంతసేపు ఖాళీగా కూర్చోవాలోయ్?" అని అడిగారు ఒకసారి. అసలు కూర్చోకూడదని క్లాసంతా ఒక్క గొంతుతో అన్నాం. ఆయన నవ్వి బోర్డు మీద లెక్క వేశారు. గుమాస్తా సగం సమయం పనిలో ఉంటే, వచ్చినవాడు సగటున ఒక టికెట్ కొట్టేంత సేపు వరుసలో నిలబడతాడు. నూటికి ఎనభై వంతుల సమయం పనిలో ఉంటే నాలుగు టికెట్లు కొట్టేంత సేపు, తొంభై వంతులైతే తొమ్మిది టికెట్లంత సేపు. గుమాస్తా క్షణం తీరిక లేకుండా పనిచేసే కౌంటర్ ముందు వరుసకు అంతు ఉండదు. "ఖాళీ అన్నది వృథా కాదు, ఎదుటివాడి సమయం" అన్నారు మాస్టారు. టికెట్ వరుసలో నిలబడ్డవాడికి కాళ్లు నొప్పి పుడతాయి, అంతే. మంటల్లో వరుస ఉండదు కనుక అక్కడ ఆ సూత్రం మరీ కఠినంగా పనిచేస్తుంది.

ఇదే శాస్త్రాన్ని న్యూయార్క్ అగ్నిమాపక శాఖకు మొదటిసారి పెద్ద ఎత్తున వాడింది 1969లో ఏర్పడిన న్యూయార్క్ సిటీ ర్యాండ్ ఇన్‌స్టిట్యూట్. అమెరికా వైమానిక దళానికి లెక్కలు కట్టి పేరు తెచ్చుకున్న ర్యాండ్ సంస్థను మేయర్ జాన్ లిండ్సే నగర పాలనలోకి పిలిచాడు. శాఖకు అప్పటి అధిపతి జాన్ ఓహేగన్ కూడా లెక్కలంటే గౌరవమున్న మనిషే, సామాన్యుడు కాడు. అరవయ్యో దశకం చివరికి వచ్చేసరికి మంటలూ దొంగ అలారాలూ విపరీతంగా పెరిగి, బ్రాంక్స్, బ్రూక్లిన్ పేటల్లో కొన్ని కంపెనీలు రాత్రంతా స్టేషన్‌కు తిరిగి రాలేని పరిస్థితి ఉండేది. మొదట్లో శాఖ సరైన పనే చేసింది: పని ఎక్కువైన కంపెనీలకు తోడుగా రెండో కంపెనీలు పెట్టింది. తర్వాత డబ్బు కరువై గాలి మళ్లింది. 1972 నుంచి మూసివేతలు మొదలయ్యాయి, 1976 వచ్చేసరికి డజన్ల కొద్దీ కంపెనీలు పోయాయో, వేరే చోటికి కదిలాయో జరిగింది.

ర్యాండ్ గణితంలో అందమైనది వర్గమూల సూత్రం. ఒక ప్రాంతంలో సిద్ధంగా ఉన్న ఇంజన్ల సంఖ్య తగ్గినకొద్దీ, మంట దగ్గరికి వెళ్లవలసిన సగటు దూరం ఆ సంఖ్య వర్గమూలానికి విలోమంగా పెరుగుతుందని ఆ సూత్రం చెబుతుంది. నాలుగు ఇంజన్లలో ఒకటి తీసేస్తే దూరం నూటికి 15 వంతులే పెరుగుతుంది. రెండింట్లో ఒకటి తీసేస్తే నూటికి 41 వంతులు పెరుగుతుంది. కాబట్టి స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్న పాత, ఇరుకు పేటల్లో ఒకటి మూసేస్తే సగటు మీద పడే దెబ్బ చిన్నది, దూరదూరంగా ఉన్న పేటల్లో పెద్దది. లెక్క తప్పు కాదు. అయితే ఆ ఇరుకు పేటల్లో స్టేషన్లు దగ్గరగా ఎందుకున్నాయి? అక్కడ మంటలు ఎక్కువ గనుక. సూత్రంలో ఉన్న మాట "సిద్ధంగా ఉన్న" ఇంజన్లు. నాలుగింట్లో రెండు అప్పటికే ఎక్కడో మంటలార్పుతూ ఉంటే, మీరు తీసేస్తున్నది నాలుగింట్లో ఒకటి కాదు, రెండింట్లో ఒకటి. సూత్రం రాసిన పండితులు ఈ మెలిక ఎరగనివాళ్లు కారు, వాళ్ల పత్రాల్లో ఆ మాట ఉంది. కానీ ఏ స్టేషన్ తీస్తే ఏమవుతుందో పోల్చి చూసే లెక్కలో మాత్రం బండ్లన్నీ ఇంటి పట్టునే ఉన్నాయన్న ఊహతోనే దూరాలు కొలిచారు. అలా కొలిస్తే అందరికన్నా ఎక్కువ కష్టపడుతున్న పేటే అందరికన్నా ఎక్కువ మిగులున్న పేటగా కనిపిస్తుంది. ఇదే విద్యతో పొట్ట పోసుకునే నాకు ఆ సంగతి చదివినప్పుడు తల వంచుకోవాలనిపించింది.

ఆ దశాబ్దంలో దక్షిణ బ్రాంక్స్‌కు ఏమైందో లోకానికి తెలుసు. 1970, 1980 జనాభా లెక్కల మధ్య అక్కడి ఏడు గణన విభాగాలు తమ కట్టడాల్లో నూటికి 97 వంతులకు పైగా నిప్పుకో, యజమానులు వదిలేయడం వల్లనో పోగొట్టుకున్నాయి; 44 విభాగాలు సగానికి పైగా పోగొట్టుకున్నాయి. ఇదంతా స్టేషన్లు మూసినందువల్లనే జరిగిందంటే అది అతిశయోక్తే అవుతుంది. పాత వైరింగు, బ్యాంకులు అప్పివ్వడం మానేయడం, బీమా డబ్బు కోసం సొంత మేడకు నిప్పు పెట్టించిన యజమానులు, అన్నీ ఉన్నాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మనకు నవ్వులాట గానీ, ఆ పేటల్లో అది బీమా వ్యాపారం. అయితే ఒక మంటను మొదటి గదిలోనే ఆపగలిగితే ఆ మేడ మర్నాడు కూడా మేడగానే ఉంటుంది. ఆపలేకపోతే పక్క మేడకూ రోజులు దగ్గర పడతాయి. ఇంజన్లు తగ్గిన ఫలితం అక్కడ కనిపిస్తుంది. 1976లో నగర గృహనిర్మాణ శాఖ పెద్ద రోజర్ స్టార్ ఇంకో అడుగు ముందుకేసి, క్షీణిస్తున్న పేటల నుంచి సేవలను ఉపసంహరించి జనాన్ని వేరే చోటికి కుదించాలన్నాడు. కాలుతున్న పేట నుంచి ఇంజన్ తీసేసి, తర్వాత పేట క్షీణించింది కాబట్టి ఇంకా తీయాలనడం ఏ రకం తర్కమో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఉద్యోగుల పక్షాన కూడా అంతా ధర్మమే ఉందనను. 1973 నవంబరు 6న న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బంది అయిదున్నర గంటల పాటు సమ్మె చేశారు. సభ్యులు సమ్మెకు అనుకూలంగా ఓటేశారని సంఘ నాయకుడు రిచర్డ్ విజ్జినీ ప్రకటించాడు. తర్వాత పెట్టెలు తెరిచి చూస్తే కొద్ది తేడాతో వద్దన్నవాళ్లదే పైచేయి. ఆ అబద్ధం వల్ల మనుషుల సంఖ్య గురించి సంఘం తర్వాత ఏం చెప్పినా, వీళ్ల జీతాల గొడవేలే అని పక్కన పెట్టడానికి పాలకులకు వీలు చిక్కింది.

1975లో నగరం దివాలా అంచుకు చేరింది. ఆ జులైలో వేలమంది నగర ఉద్యోగులతో పాటు అగ్నిమాపక సిబ్బందినీ ఇంటికి పంపారు, కొందరిని కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలిచారు. నవంబరులో బ్రూక్లిన్ విలియమ్స్‌బర్గ్ ఉత్తర భాగంలో, వైత్ అవెన్యూ మీదున్న 212వ ఇంజన్ కంపెనీని మూసేస్తామన్నారు. ఎక్కువగా పోలిష్, ఇటాలియన్ మూలాలున్న శ్రామిక కుటుంబాల పేట అది. కర్ర ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో పేట జనం స్టేషన్‌లోకి వెళ్లి బండిని బయటికి పోనివ్వలేదు. ఆడమ్ వెనెస్కీ అనే చిల్లర దుకాణదారు ముందుండి నడిపించాడు. ఒక పూట ధర్నాతో సరిపెట్టలేదు వాళ్లు. వంతులు వేసుకుని అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, దాదాపు ఏడాదిన్నర ఆ కట్టడాన్ని పట్టుకుని కూర్చున్నారు. దానికి ప్రజల అగ్నిమాపక కేంద్రం అని పేరు పెట్టుకున్నారు. చివరికి నగరమే దిగివచ్చింది. 212వ ఇంజన్ తిరిగి ఆ గుమ్మంలోకి వచ్చింది. మూసిన కంపెనీని మళ్లీ తెరిపించిన ఉదాహరణ కావాలంటే నేను మొదట చెప్పేది ఇదే. అలా తెరిపించుకున్న ఇంజన్‌నే పాతికేళ్ల తర్వాత, 2003లో, మళ్లీ మూసేశారు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. లాంగ్ ఐలాండ్ సిటీలో 37 బ్లాకుల నిబంధనలు మార్చి ఎత్తైన మేడలకు అనుమతించింది 2001లో. అదే పేట ఇంజన్‌ను తీసేసింది 2003లో. విలియమ్స్‌బర్గ్‌లో 212ను తీసేసింది 2003లో. ఆ పేట నది ఒడ్డున గిడ్డంగులు ఉన్న చోట ఆకాశహర్మ్యాలకు దారి ఇచ్చింది 2005లో. ఒకే నగరం, ఒకే పటం, రెండు వేర్వేరు గదులు. ఒక గదిలో కూర్చున్నవారు ఇక్కడికి వేలమంది రాబోతున్నారని గీతలు గీస్తుంటే, పక్క గదిలోవారు ఇక్కడ అలారాలు తక్కువ గనుక ఇంజన్ అక్కర్లేదని రాస్తున్నారు. నేనుండే మేడ ఆ మొదటి గదివారి చలవే. అద్దాల గోడల వెనక అంతస్తుకు ఇన్ని కుటుంబాలు కాపురం ఉంటున్నా, 2003లో మూసిన ఆరు కంపెనీల్లో ఇరవై ఏళ్లు నిండేదాకా ఒక్కటీ తిరిగి తెరుచుకోలేదు.

స్టేషన్ల సంఖ్య సగం కథే. బండి మీద ఎంతమంది ఉన్నారన్నది మిగతా సగం. 1865లో న్యూయార్క్‌లో జీతం తీసుకునే అగ్నిమాపక దళం ఏర్పడినప్పుడు, అంతకు ముందున్న స్వచ్ఛంద దళాల గుంపులతో పోలిస్తే చాలా తక్కువ మంది చాలునన్నారు, ఎందుకంటే చేతి పంపులు పోయి ఆవిరి పంపులు వచ్చాయి, వాటిని గుర్రాలు లాగేవి. ఆ తక్కువమందీ స్టేషన్‌లోనే కాపురం ఉండేవారు. భోజనానికి ఇంటికి వెళ్లిరావడం, ఎప్పుడో ఒకరోజు సెలవు తప్ప రాత్రీ పగలూ డ్యూటీయే. 1922 డిసెంబరులో చివరి గుర్రాలు కూడా విశ్రాంతి తీసుకున్నాయి. మనుషులకు ఆ విశ్రాంతి వంతులవారీ పనితో, తర్వాత వారానికి 40 గంటల చుట్టూ తిరిగే డ్యూటీలతో మెల్లగా దక్కింది. ఈ న్యాయమైన మార్పుకు ఒక లెక్క ఉంది, దాన్ని బడ్జెట్ రాసేవారు గుర్తుంచుకుంటారు, చదివేవారు మరిచిపోతారు. వారంలో 168 గంటలు. బండి మీద ఒక సీటు ఎప్పుడూ నిండి ఉండాలంటే నలుగురికి పైగా మనుషులు కావాలి. సెలవులూ జబ్బులూ శిక్షణా కలుపుకుంటే అయిదుగురి దాకా వస్తారు. అందుకే ఒక్క సీటు తగ్గిస్తే నగరానికి అయిదు జీతాలు మిగులుతాయి. ఆ ఆశ ముందు ఏ మేయరైనా కాసేపు ఆగి చూస్తాడు.

న్యూయార్క్ ఇంజన్ మీద అధికారి కాక నలుగురా అయిదుగురా అన్న వివాదం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. బయటివారికి అది చిల్లర బేరంలా కనిపిస్తుంది. గొట్టం బరువు తెలిస్తే కనిపించదు. రెండున్నర అంగుళాల గొట్టం ఒక్కో ముక్క 50 అడుగులు. నీళ్లు నిండితే ఆ ముక్కలో నీళ్ల బరువే దాదాపు 48 కిలోలు. నాలుగో అంతస్తు వెనక పడకగదిలో మంట ఉంటే అలాంటి ముక్కలు చాలా కలపాలి, మెట్ల మలుపు మలుపునా గొట్టం మడత పడకుండా తోయాలి. ఒకడు బండి దగ్గర పంపు చూసుకుంటాడు, ఒకడు ముందు నాజిల్ పట్టుకుంటాడు, ఒకడు అతని వెనక ఆసరా, ఒకడు ఎన్ని ముక్కలు సరిపోతాయో చూసి నీళ్లు వదిలేవరకు గొట్టాన్ని సర్దుతాడు. అయిదోవాడు తలుపు దగ్గర నిలబడి గొట్టం చిక్కుకోకుండా లోపలికి అందిస్తాడు. అతను లేకపోతే మొదటి గొట్టం లాగడానికి రెండో ఇంజన్ మనుషులు వచ్చి చెయ్యి వేయాలి, వాళ్లు వేయవలసిన రెండో గొట్టం ఆలస్యమవుతుంది.

1996లో సంఘానికీ నగరానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం 60 ఇంజన్ల మీద అయిదోవాడు ఉండేవాడు, అదీ అనారోగ్య సెలవుల శాతం 7.5 దాటనంత కాలమే. పొగ పీల్చే ఉద్యోగంలో జబ్బు పడకుండా ఉంటేనే తోడు మనిషిని ఇస్తామనడం నాకు విచిత్రంగా తోస్తుంది. 2011 జనవరి చివర ఒప్పందం గడువు తీరగానే ఆ అరవై సీట్లూ పోయాయి. అదే ఏడాది మరో 20 కంపెనీలను మూసేయాలన్న ప్రతిపాదన వచ్చింది, నగర మండలి అడ్డుపడింది. 2015లో మేయర్ డి బ్లాసియో హయాంలో మళ్లీ ఒప్పందం కుదిరి, 2016 నుంచి ఏటా కొన్ని చొప్పున 20 ఇంజన్లకు అయిదోవాడు తిరిగి వచ్చాడు. బడ్జెట్ కోతల్లో భాగంగా అతన్నీ తీసేస్తామని మేయర్ ఆడమ్స్ ప్రభుత్వం అంది. 2024 జనవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఒక సీటు మీద ఇంతమంది మేయర్లు ఇన్నిసార్లు మనసు మార్చుకున్నారు.

దేశవ్యాప్తంగా ఒక కొలబద్ద లేదనడానికి లేదు. జాతీయ అగ్ని రక్షణ సంఘం 2001లో తెచ్చిన 1710 ప్రమాణం ప్రకారం బండికి కనీసం నలుగురుండాలి, బయల్దేరిన తర్వాత నాలుగు నిమిషాల్లో మొదటి ఇంజన్ చేరాలి. 2010లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిజమైన రెండంతస్తుల ఇల్లు కట్టి, మనుషుల సంఖ్య మార్చి మార్చి పరీక్షలు చేసింది. మంట దగ్గర చేయవలసిన 22 పనులను నలుగురున్న బృందాలు ముగ్గురున్న బృందాల కన్నా 25 శాతం, ఇద్దరున్న బృందాల కన్నా 30 శాతం త్వరగా ముగించాయి. అది మామూలు ఇల్లు. మా పేట మేడల్లాంటిది కాదు.

ఇక నా వాదానికి ఎదురు నిలిచే అంకెలను దాచిపెట్టడం అన్యాయం. 1970లో న్యూయార్క్‌లో అగ్నిప్రమాదాల్లో 310 మంది పౌరులు చనిపోయారు. 2012లో 58 మంది. ఆరు ఇంజన్లు మూసిన తొమ్మిదేళ్లకూ, అయిదోవాణ్ణి తీసేసిన మరుసటి ఏడాదీ వచ్చిన అంకె అది. మూసివేత వల్ల జనం చచ్చిపోతారన్నారు, ఏరీ, అని అడిగేవాళ్లకు అందులో బలముంది. పొగను పసిగట్టే యంత్రాలు, మంటకు వాటంతట అవే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు, మంచి కట్టడ నిబంధనలు, సిగరెట్లు తగ్గడం చేసిన మేలు ఇంజన్ల సంఖ్య చేసిన మేలు కన్నా పెద్దదని ఒప్పుకోవాలి. 2022 జనవరి 9న బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ మేడలో హీటర్ నుంచి పుట్టిన మంటకు 17 మంది బలైనప్పుడు కూడా మొదటి బండ్లు మూడు నిమిషాల్లోనే చేరాయి. తమంతట తాము మూసుకోవలసిన తలుపులు మూసుకోకపోవడంతో పొగ మెట్ల దారి నిండా పాకింది. అక్కడ ఇంకో ఇంజన్ ఉంటే సరిపోయేదని నేను చెప్పలేను.

అయితే ప్రమాదాలు తగ్గాయన్న మాటకూ, ప్రమాదం వచ్చినప్పుడు తక్కువ మంది చాలునన్న మాటకూ పొంతన లేదు. మంటలు అరుదైతే అరుదుగా ఇంజన్ కావాలి, కావలసినప్పుడు మాత్రం మొత్తం ఇంజన్ కావాలి. సగం ఇంజన్ అంటూ ఒకటి ఉండదు. పైగా ఇప్పటి మంట పాత మంట కాదు. పత్తి పరుపులు, కర్ర సామాను ఉన్న పాతకాలపు గది ఒక్కసారిగా భగ్గుమనడానికి పరీక్షల్లో అరగంట పట్టింది. ఫోమ్, ప్లాస్టిక్ నిండిన నేటి గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వీటికి తోడు లిథియం బ్యాటరీలు వచ్చాయి. భోజనాలు ఇంటికి చేర్చే కుర్రవాళ్లు విద్యుత్ సైకిళ్లను ఇరుకు గదుల్లో చార్జింగ్ పెట్టుకుంటారు. 2023లో ఆ బ్యాటరీల వల్ల నగరంలో 268 మంటలు లేచి 18 మంది చనిపోయారు. చనిపోయినవారి సగటు తగ్గిందన్న వాక్యం కింద ఆ 18 మందిని ఎక్కడ రాయాలో నాకు తెలియదు.

ఇంజన్లు ఇప్పుడు మంటలకన్నా గుండె నొప్పులకే ఎక్కువగా పరుగెత్తుతున్నాయి కదా, అంబులెన్సులు పెంచితే పోదా అన్నది ఇంకో వాదన. 1996లో అత్యవసర వైద్య సేవ కూడా అగ్నిమాపక శాఖలో కలిశాక ఈ పని నిజంగానే పెరిగింది. అంబులెన్సులు పెంచమనే నేనూ అంటాను. కానీ ఇంజన్ వైద్యం పని మీద బయటికి వెళ్లిందంటే మంట వైపు నుంచి చూస్తే ఆ ఇంజన్ లేనట్టే. మా మాస్టారి కౌంటర్ గుమాస్తాకు ఇంకో కౌంటర్ పని కూడా అప్పగించి, ఇతను ఎలాగూ ఖాళీయే కదా అన్నట్టుంది ఇది. మూసివేతకు కారణంగా చూపే తక్కువ అలారాల లెక్కలో ఇంజన్ ఎంతసేపు స్టేషన్‌లో సిద్ధంగా ఉందన్న కాలమ్ ఉండదు. ఆ కాలమ్ లేని పట్టికలో కూర్చున్న మనిషి సోమరిగా కనిపిస్తాడు, పరుగులో ఉన్నవాడు పనిమంతుడిగా కనిపిస్తాడు. అగ్నిమాపక దళంలో మాత్రం మనం జీతం ఇచ్చేది ఎక్కువగా ఆ కూర్చోవడానికే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని లేకుండా, ముందే తవ్వి ఉంచిన బావి అది. రోజంతా ఎవరూ చేద వేయలేదని బావిని పూడ్చరు.

కాబట్టి మూసినవన్నీ గుడ్డిగా తెరవమని నేను కోరను. చోటు చోటుకు లెక్క వేయాలి, ఈసారి సగటు మీద కాదు, ఆ పేటలో అన్ని బండ్లూ బయటికి పోయిన ఘడియల మీద. కొత్త మేడలకు అనుమతి ఇచ్చే కాగితం మీదనే ఆ మేడకు మొదటి ఇంజన్, రెండో ఇంజన్ ఎక్కడి నుంచి ఎన్ని నిమిషాల్లో వస్తాయో రాయాలి. ఆ నిమిషాలు నాలుగు దాటుతుంటే కొత్త మేడల నుంచి వచ్చే పన్నులో కొంత ఇంజన్‌కు కట్టాలి. అలా వేస్తే 261 మొదటి వరుసలో నిలుస్తుందని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ స్థలం కొనక్కర్లేదు, కట్టడం కట్టక్కర్లేదు, నిచ్చెన బండివారు ఇప్పటికే ఆ వంటగదిలో అన్నం తింటున్నారు. కావలసింది ఒక బండి, పాతిక ముప్పై మంది మనుషులు.

212కు ఆ అవకాశం లేదు. వైత్ అవెన్యూ కట్టడాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చే పనిని నగరం మరో పేట సంఘంతో పాటు, 1975లో అక్కడ పక్కలు పరుచుకుని పడుకున్నవారు పెట్టుకున్న సంఘానికే అప్పగించింది. తాము కాపాడుకున్న గోడలు చివరికి వాళ్ల చేతికే వచ్చాయి, లోపల బండి లేకుండా. నది ఒడ్డున మేడలు మాత్రం ఇంకా లేస్తున్నాయి.